వేఱు అను మాట: అమెరికా నల్లజాతి నాయకుల మూడు వివాదములు

నిఘంటువులో మాటకు గల అర్థము వేఱు. సభలో పలికినపుడు దానికి కలుగు అర్థము వేఱు. ఈ భేదమును మన ఆలంకారికులు చక్కగా గుర్తించిరి. వ్యంగ్యార్థము పుట్టుటకు గల కారణములను చెప్పుచు మమ్మటుడు కావ్యప్రకాశమున వక్త, శ్రోత, ప్రకరణము, దేశము, కాలము మున్నగువాని విశేషములను లెక్కించినాడు. సూర్యుడు అస్తమించెనను వాక్యము పసులకాపరికి ఆవులను మరలింపవలెనను సూచన. వర్తకునకు సరకు సర్దుకొనవలెనను సూచన. అనుష్ఠానపరునకు సంధ్యవార్చు వేళయైనదను సూచన. వాక్యమొక్కటే, వినువాని స్థితినిబట్టి ఫలము పెక్కువిధములు.

ఈ సూత్రము కావ్యమునకే పరిమితము కాదు. ప్రజానాయకుల ప్రసంగములను పరిశీలించువానికిని ఇది మిక్కిలి ఉపకరించును. అమెరికా సంయుక్తరాష్ట్రములలోని నల్లజాతీయుల హక్కుల పోరాటమున ముగ్గురు నాయకులు 1895లోను, 1934లోను, 1966లోను బహిరంగముగా చెప్పిన మాటలు తీవ్రవివాదములను రేపినవి. మూడింటికిని మూలమైన ప్రశ్న ఒక్కటే: నల్లజాతివారు కొంతవఱకు వేఱుగా నుండి తమ బలమును తాము పెంచుకొనవచ్చునా? మొదటి నాయకుని మాటను ఖండించినవాడే రెండవ మాటను పలికెను. ఆ రెండవవాడు విడిచిన సంపాదకపీఠమున కూర్చున్నవాడే మూడవ మాటను ఖండించెను. ఈ పరంపరను పరిశీలించి, ఒకే ఆలోచన ఒకచోట లొంగుబాటుగను, వేఱొకచోట తిరుగుబాటుగను ఏల వినబడెనో నిర్ణయించుటయే ప్రస్తుతవ్యాసోద్దేశము.

అంతర్యుద్ధానంతరము 1865లో ఆ దేశమున బానిసత్వము రద్దయ్యెను. 1868, 1870 సంవత్సరములలో వచ్చిన రాజ్యాంగసవరణలు నల్లజాతివారికి పౌరసత్వమును, వారి పురుషులకు ఓటుహక్కును ఒసగినవి. కాని 1877లో కేంద్రసైన్యము దక్షిణరాష్ట్రముల రాజకీయములనుండి తొలగిన పిదప, శ్వేతజాతి పాలకవర్గము ఆ హక్కులను ఒక్కొక్కటిగా హరింప మొదలిడెను. 1890లో మిసిసిపి రాష్ట్రము క్రొత్త రాజ్యాంగమును వ్రాసికొని, పన్నును, చదువు పరీక్షను ఓటునకు అడ్డుగా నిలిపెను. విచారణ లేకయే గుంపులు నల్లవారిని చంపుట ఆ దశాబ్దమున తఱచుగా జరుగుచుండెను. 1895 ఫిబ్రవరిలో వృద్ధనాయకుడైన ఫ్రెడరిక్ డగ్లస్ మరణించెను. నాయకత్వము శూన్యమైన ఆ సమయముననే మన మొదటి ప్రసంగము వెలువడినది.

బుకర్ వాషింగ్టన్ 1856లో వర్జీనియా రాష్ట్రమున బానిసగా జన్మించెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత హాంప్టన్ విద్యాలయమున చదివి, 1881లో అలబామాలోని టస్కీగీ గ్రామమున వృత్తివిద్యాలయమును నడుపుటకు పూనుకొనెను. 1895 సెప్టెంబరు 18వ తేదీన అట్లాంటా నగరమున పత్తిరాష్ట్రముల అంతర్జాతీయ ప్రదర్శనము ప్రారంభమైనపుడు, శ్వేతజాతివారే అధికముగా గల సభలో మాటలాడుటకు ఆయనకు ఆహ్వానము వచ్చెను. దక్షిణదేశమున అట్టి వేదికపై నల్లవానికి స్థానమిచ్చుటయే ఆనాడు విశేషము.

ఆయన ఒక కథతో తన భావమును వివరించెను. దారి తప్పిన ఓడలో నావికులు దాహముతో అలమటించుచు ఎదురుపడిన ఓడను నీరడిగిరి. ఉన్నచోటనే బొక్కెన దింపుడని సమాధానము వచ్చెను. పలుమార్లు అట్లే వినిన మీదట బొక్కెన దింపగా, అమెజాన్ నదీముఖమునుండి వచ్చు మంచినీరు లభించెను. అటులనే నల్లజాతివారు వలసపోవుటను తలపెట్టక, తామున్నచోటనే వ్యవసాయమున, చేతిపనులలో, వర్తకమున బొక్కెన దింపవలెనని ఆయన బోధించెను. శ్వేతజాతివారును పరదేశములనుండి కూలీలను తెచ్చుటకు మాఱుగా, తమతో చిరకాలము మెలగిన నల్లవారినే నమ్ముకొనవలెనని కోరెను. పిమ్మట చేతిని చూపి, కేవల సాంఘికవిషయములలో రెండుజాతులును వ్రేళ్ళవలె వేఱుగా నుండవచ్చుననియు, ఉభయుల అభ్యుదయమునకు అవసరమగు విషయములలో చేయివలె ఒక్కటిగా నుండవచ్చుననియు చెప్పెను. సాంఘికసమానత్వమునకై ఆందోళన చేయుట అవివేకమని తనవారిలో వివేకులు ఎఱుగుదురనెను.

సభ హర్షధ్వానములతో మ్రోగెను. అట్లాంటా పత్రికాసంపాదకుడైన క్లార్క్ హవెల్ ఆ ప్రసంగమును మెచ్చుకొనెను. దేశాధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లండ్ అభినందనలేఖ వ్రాసెను. అంతకంటె చరిత్రకారునకు ఆసక్తి కలిగించు అభినందన మఱొకటి కలదు. ఒహాయో రాష్ట్రమున విల్బర్‌ఫోర్స్ కళాశాలలో బోధించుచుండిన ఇరువదియేడేండ్ల యువకుడు డబ్ల్యు. ఇ. బి. డుబాయిస్, ఆ సంవత్సరమే హార్వర్డులో డాక్టరు పట్టమును పొందినవాడు, ఆ మాట సమయోచితముగా నున్నదని వాషింగ్టనునకు ప్రశంస పంపెను. ఆ ప్రసంగమును తరువాత ఖండించిన వారిలో ప్రథమగణ్యుడు ఈ యువకుడే.

ఇంతలో మాటకు ఫలము పండ మొదలిడెను. ప్రసంగము జరిగిన ఎనిమిది మాసములకు, 1896 మే 18న, ప్లెసీ అనువాని వ్యాజ్యెమున అత్యున్నతన్యాయస్థానము రైలుబండ్లలో రెండుజాతులకు సమానముగా నున్నచో వేఱువేఱు పెట్టెలుండుట రాజ్యాంగవిరుద్ధము కాదని తీర్పుచెప్పెను. న్యాయమూర్తి హార్లన్ ఒక్కడే భిన్నాభిప్రాయమును వ్రాసెను. ఆ వ్యాజ్యెము పుట్టిన లూయిసియానా రాష్ట్రమున 1896లో ఓటర్లుగా నమోదైన నల్లజాతివారు 1,30,334 మంది. 1898లో వచ్చిన క్రొత్త రాజ్యాంగము తరువాత, 1904 నాటికి వారి సంఖ్య 1,342. ఈ పతనమునకు వాషింగ్టన్ ప్రసంగము కారణమనుట అన్యాయము. ఓటును ఊడబెఱుకు యంత్రము అంతకుముందే సిద్ధమైనది. కాని ఆ యంత్రమును నడపువారికి తమ నోటినుండి రాదగని ప్రమాణవాక్యము నల్లజాతి నాయకుని నోటినుండి లభించెను. వ్రేళ్ళు వేఱుగా నుండవలెనను సగము వారికి కంఠస్థమయ్యెను. చేయి ఒక్కటియను సగమును వారు విస్మరించిరి.

ఇచట మఱొక విషయమును చెప్పక తప్పదు. వాషింగ్టన్ 1915లో మరణించిన చాలకాలమునకు ఆయన స్వంతపత్రములను పరిశోధించినవారు, ఓటుహక్కును హరించు శాసనములపై నడచిన కొన్ని వ్యాజ్యెములకు ఆయన రహస్యముగా ధనసహాయము చేసెనని కనుగొనిరి. 1903లో అత్యున్నతన్యాయస్థానము తీర్పుచెప్పిన అలబామా రాష్ట్రపు గైల్స్ వ్యాజ్యెము అట్టిది. వేదికపై వదలుకొన్నదానిని ఆయన చాటున సాధింపజూచెను. మనస్సును కొలిచినచో ఈ రహస్యము ఆయనకు గౌరవమునే కలిగించును. కాని చరిత్రలో పనిచేసినది వేదికపై వినబడిన మాటయే. చాటున చేసిన పని ఎవరికిని వినబడలేదు.

తొలినాళ్ళలోనే ఆ మాటను నిరాకరించినవారును లేకపోలేదు. 1896లో నాష్‌విల్ నగరమున జాన్ హోప్ అను యువాచార్యుడు సంపూర్ణసమానత్వమునకు తక్కువైనదేదియు తమకు పనికిరాదని నిర్భయముగా ప్రకటించెను. 1903లో డుబాయిస్ తన ప్రసిద్ధవ్యాససంపుటమున ఒక అధ్యాయమును వాషింగ్టన్ విమర్శకే కేటాయించి, ఆ ప్రసంగమునకు అట్లాంటా రాజీ అను పేరును స్థిరపఱచెను. రాజకీయాధికారము, పౌరహక్కులు, ఉన్నతవిద్య అను మూడింటిని తాత్కాలికముగా వదలుకొన్న జాతికి తక్కినవి దక్కవని ఆయన వాదము. 1909లో స్థాపితమై ఎన్.ఎ.ఎ.సి.పి. అను సంక్షేపనామముతో ప్రసిద్ధమైన జాతీయసంఘమునకు ఆయన మూలపురుషులలో నొకడు. 1910 నవంబరునుండి ఆ సంఘపు పత్రికయైన క్రైసిస్‌నకు సంపాదకుడు. వేర్పాటును వ్యతిరేకించుటయే ఆ సంఘమునకు ప్రాణము. 1917లో లూయివిల్ నగరపు నివాసవేర్పాటు శాసనమును అత్యున్నతన్యాయస్థానమున కొట్టివేయించినది ఆ సంఘమే.

ఇట్టి పత్రికలో 1934 జనవరిలో, ఇట్టి సంపాదకుడు, వేర్పాటు అను శీర్షికతో సంపాదకీయమును వ్రాసెను. అది ఆర్థికమాంద్యము దేశమును పీడించుచున్న కాలము. పని పోయినవారిలో నల్లవారు మొదటివారు. పని దొరకినవారిలో కడపటివారు. వేర్పాటును వ్యతిరేకించుట యనగా నల్లవారు నల్లవారితో కలసి పనిచేయుటకు సిగ్గుపడుట కారాదని డుబాయిస్ వాదించెను. వేర్పాటు వేఱు, వివక్షము వేఱు. చెఱుపు చేయునది వివక్షము. తమ పాఠశాలలను, సహకారసంఘములను, పల్లెలను తామే కట్టుకొని బలపడుట తప్పు కాదని ఆయన యభిప్రాయము. ఇది ఆయనకు పూర్తిగా క్రొత్త ఆలోచన కాదు. 1917లో యుద్ధమునకు నల్లజాతి సేనానులను తయారుచేయు ప్రత్యేకశిబిరము అయోవా రాష్ట్రమున ఏర్పడినపుడు, వేఱు శిబిరము అవమానమని పలువురు ఆక్షేపింపగా ఆయన సమర్థించెను. శిబిరము లేనిచో సేనానులే లేరు. ఆ శిబిరమునుండి 639 మంది సేనానులు వెలువడిరి.

సంఘకార్యదర్శియైన వాల్టర్ వైట్ ఈ సంపాదకీయమునకు ప్రత్యుత్తరమును అదే పత్రికలో ప్రకటించెను. బలహీనవర్గమునకు వేఱు స్థానమనగా ఎల్లవేళల తక్కువస్థానమేయని ఆయన వాదము. అంతకంటె ముఖ్యముగా, ప్రభుత్వధనముతో నడచు ఒక సహాయపథకమున నల్లవారిని చేర్చుకొనుటను జాప్యము చేయుటకు అధికారులు అప్పుడే డుబాయిస్ మాటలను సాకుగా చూపుచున్నారని ఆయన తెలిపెను. వాషింగ్టన్ విషయమున డుబాయిస్ 1903లో చేసిన ఆక్షేపమేమి? నాయకుని మాట ప్రతిపక్షమునకు ఆయుధమైనదనియే గదా. ముప్పదియొక్క సంవత్సరములకు ఆ ఆక్షేపము గుండ్రముగా తిరిగి ఆక్షేపించినవానినే చేరెను.

డుబాయిస్ ఈ ఆక్షేపమునకు తగిన సమాధానమీయక, 1934 ఏప్రిల్ సంచికలో మఱొక మాట పలికెను. వాల్టర్ వైట్ తెల్లవాడనియు, నల్లవారికంటె తెల్లవారిలోనే ఆయనకు స్నేహితులు ఎక్కువయనియు, న్యూయార్కులో ఆయన ఎచటికి పోయినను వర్ణరేఖ ఆయనను అడ్డదనియు వ్రాసెను. ఆంగ్లమున వైట్ అను ఇంటిపేరునకు తెలుపనియే అర్థమగుటచే ఆ పరిహాసము మఱింత గాయపఱచెను. వైట్ నిజముగా తెల్లని మేనిచాయయు నీలినేత్రములును గలవాడు. అయినను నల్లజాతి కుటుంబమున పుట్టి, తాను నల్లవాడనియే చెప్పుకొని జీవించినవాడు. ఆ మేనిచాయను ఆయన స్వసుఖమునకు గాక, గుంపుహత్యలు జరిగిన ఊళ్ళకు తెల్లవానివలె పోయి సాక్ష్యము సేకరించుటకు వినియోగించెను. 1919లో అర్కన్సా రాష్ట్రపు ఎలైన్ ప్రాంతమున జరిగిన మారణకాండను విచారింపబోయి, తన గుట్టు బయటపడినదని తెలిసి రైలెక్కి ప్రాణముతో బయటపడెను.

ఈ రెండుమాటలను వేఱుపఱచి తూచవలెను. జనవరి సంపాదకీయమున ఒక సిద్ధాంతము కలదు. దానిని ఒప్పవచ్చును, కాదనవచ్చును. ఏప్రిల్ వ్యాఖ్యలో ప్రతివాది మేనిచాయయే వాదమునకు ఉత్తరమైనది. ఒకని మాట విలువను వాని చర్మమునుబట్టి నిర్ణయించుటయే వర్ణరేఖ. ఆ రేఖను చెఱపుటకు జీవితమంతయు ధారపోసినవాడు కోపవేళ ఆ రేఖనే గీచెను. దీనిని దేశకాలపరిస్థితులతో సమర్థింప వీలులేదు. ఇరువదవ శతాబ్దపు సమస్య వర్ణరేఖయేయని చాటిన మేధావి పలికినందున దోషము పెరుగునే కాని తఱుగదు.

1934 మే మాసమున సంఘపాలకవర్గము, జీతముపుచ్చుకొను ఉద్యోగి ఎవడును సంఘవిధానమునుగాని, ఉద్యోగులనుగాని క్రైసిస్ పుటలలో విమర్శింపరాదని తీర్మానించెను. తాను నోరుమూసికొని ఉండజాలనని డుబాయిస్ జూన్ 26న రాజీనామాలేఖ నిచ్చెను. ఇరువదిమూడేండ్లు నడిపిన పత్రికను వదలి ఆయన చేరినది అట్లాంటా విశ్వవిద్యాలయము. ఆహ్వానించిన అధ్యక్షుడు జాన్ హోప్. 1896లో వాషింగ్టన్ మాటను తిరస్కరించిన ఆ యువాచార్యుడే. సంఘము నెదిరించి వేర్పాటును సమర్థించిన వృద్ధునకు, సమానత్వమున తక్కువను ఒప్పుకొననన్నవాడు ఆశ్రయమిచ్చెను. ఆ విశ్వవిద్యాలయము సైతము నల్లజాతివారిదే. అదియే లేనిచో ఆయనకు ఆనాడు పీఠము దొరకుట దుర్లభము. 1935లో ఆయన ప్రకటించిన మహాచరిత్రగ్రంథము అచటనుండియే వెలువడెను. సిద్ధాంతమునకు ఇంతకంటె ప్రబలమైన ఉదాహరణ లేదు. మఱొకవైపున సంఘము తన వ్యాజ్యెముల మార్గమును వదలలేదు. 1954 మే 17న వేఱు పాఠశాలలు స్వభావముననే అసమానములని అత్యున్నతన్యాయస్థానము చెప్పునంతవఱకు నడపెను. తీర్పు తరువాత దక్షిణరాష్ట్రములలో నల్లజాతి పాఠశాలలు మూతపడి, వేలకొలది నల్లజాతి ఉపాధ్యాయులు ఉద్యోగములు కోల్పోయిరి. ఉభయపక్షములును కొంత నిజమును చూచినవి.

డుబాయిస్ వదలిన క్రైసిస్ సంపాదకత్వమును చేపట్టినవాడు రాయ్ విల్కిన్స్. 1966 నాటికి ఆయన జాతీయసంఘమునకే అధినేత. ఆ సంవత్సరము జూన్ 5న, నాలుగేండ్లక్రిందట మిసిసిపి విశ్వవిద్యాలయమున మొదటి నల్లజాతి విద్యార్థిగా చేరిన జేమ్స్ మెరిడిత్, మెంఫిస్ నుండి జాక్సన్ నగరమునకు ఒంటరిగా పాదయాత్ర మొదలిడెను. మరునాడే తుపాకిదెబ్బ తినెను. మార్టిన్ లూథర్ కింగ్, విద్యార్థిసంఘాధ్యక్షుడు స్టోక్లీ కార్మైకేల్ మున్నగువారు యాత్రను కొనసాగించిరి. జూన్ 16 రాత్రి, గ్రీన్‌వుడ్ పట్టణమున, చెఱనుండి అప్పుడే విడుదలై వచ్చిన కార్మైకేల్ జనసమూహము నెదుట నల్లజాతికి అధికారము కావలెనను నినాదమును చేసెను. జనులు దానిని ఎలుగెత్తి పలికిరి.

అచటి పేదలకు ఆ మాట స్పష్టముగనే వినబడెను. ఓటుహక్కుచట్టము వచ్చి ఇంకను ఏడాది నిండలేదు. తాము అధికసంఖ్యాకులైన మండలములలో తమ అధికారులను తాము ఎన్నుకొనవలెననియే వారు గ్రహించిన అర్థము. కాని దూరమున వార్తలు చదివిన శ్వేతజాతివారిలో అనేకులకు అది ప్రతీకారముగా వినబడెను. కింగ్ ఆ మాట పుట్టిన నిరాశను అర్థము చేసికొనుచునే, ఆ పదముల ఎంపిక దురదృష్టకరమనియు, వేర్పాటును హింసను స్ఫురింపజేయుననియు భావించెను. విల్కిన్స్ జూలైలో లాస్ ఏంజిలిస్‌లో జరిగిన సంఘమహాసభలో దానిని తలక్రిందులైన హిట్లరు విధానముతోను, కూ క్లక్స్ క్లాన్ ముఠాతోను పోల్చి ఖండించెను. మరుసటి ఏట కార్మైకేల్ ఒక ఆచార్యునితో కలసి గ్రంథము వ్రాసి, ఒక వర్గము బహిరంగసమాజమున ప్రవేశించుటకు ముందు తన శ్రేణులను బిగించుకొనవలెనని వివరించెను. వివరణ వచ్చుసరికి మాట దేశమంతట తిరిగి తన అర్థమును తాను స్థిరపఱచుకొన్నది.

ఇపుడు మూడు మాటలను ఒకచోట చేర్చి చూతము. వాషింగ్టన్ తెల్లవారితో మాటలాడెను. మరునాడు నల్లవారు చదివిరి. డుబాయిస్ నల్లవారికై వ్రాసెను. తెల్ల అధికారులు ఉపయోగించుకొనిరి. కార్మైకేల్ గ్రీన్‌వుడ్ పేదలతో మాటలాడెను, యావద్దేశము ఆలకించెను. మమ్మటుడు చెప్పిన వక్తయు శ్రోతయు ఇచట చాలరు. మాట ఎవరినుద్దేశించినది కాదో ఆ మూడవవాడును లెక్కకు రావలెను. మాటను ఆచరణలో పెట్టు అధికారము ఎవరి చేతిలో నున్నదో, వారు గ్రహించిన అర్థమే తుదకు శాసనమగును. అణగిన జాతి నాయకుని కష్టమంతయు ఇందే కలదు. తనవారితో ఆంతరంగికముగా చెప్పుకొనదగిన మాటకు ఆయనకు గది లేదు.

మఱి అట్టి మాట చెప్పరాదా? చెప్పవలెనేమో, కాని వేఱు అను మాటను ఒక ప్రశ్నతో పరీక్షింపవలెను: ఈ గోడకు తలుపు ఎవరి వైపున నున్నది? లోపలివారు తెఱచికొని బయటకు రాగలిగినచో అది ఇల్లు. బయటివారే తాళము వేసినచో అది చెఱ. 1932లో ప్రత్యేకనియోజకవర్గముల విషయమున అంబేద్కరునకును గాంధీకిని జరిగిన వాదము నెఱిగిన మన పాఠకులకు ఈ ప్రశ్న అపరిచితము కాదు. 1946లో నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి సమర్పించిన విజ్ఞప్తి ప్రతులకై అంబేద్కర్ డుబాయిస్‌నకే లేఖ వ్రాసిన సంగతియు స్మరణీయము.

డుబాయిస్ తన కడపటి దినములను ఘానాదేశమున గడపి, 1963 ఆగస్టు 27న అచటనే మరణించెను. మరునాడు అమెరికా రాజధానిలో లక్షలాది జనులు హక్కులకై సమావేశమైరి. ఆ సభలో ఆయన మరణవార్తను ప్రకటించినవాడు రాయ్ విల్కిన్స్. తరువాతికాలమున ఆయన వేఱుదారి పట్టినను, ఈ శతాబ్దారంభమున మనలను పిలిచిన కంఠము ఆయనదేయను భావమును విల్కిన్స్ ఆనాడు వ్యక్తపఱచెను. నాయకుని ఒక్క మాటను పట్టుకొని జీవితమును కొలుచుట ఎట్లు తప్పో, జీవితమును చూపి ఆ మాటను మన్నించుటయు అట్లే తప్పు. రెండింటిని రెండుగా చెప్పగలుగుట చరిత్రకారుని ధర్మము. విల్కిన్స్ ఆ సభలో చేసినది అదియే.